పెదవి ఒకరిది, పలుకు మరొకరిది

1950లో శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ పుస్తకరూపంలో వచ్చింది. ఈ సంగతి తెలుగు చదువుకున్నవాళ్లందరికీ తెలుసు. అదే ఏడాది ఆయన పేరు మరో పనికీ ముడిపడింది. ‘నీరా ఔర్ నందా’ అనే హిందీ సినిమాకు తెలుగు మాటలు, పాటలు రాశారు. ‘ఆహుతి’ పేరుతో విడుదలైన ఆ సినిమాతోనే తెలుగులో డబ్బింగ్ చిత్రాలకు శ్రీకారం పడింది. పాత ఛందస్సు సంకెళ్లు వద్దనుకున్న కవి, అంతకంటే కఠినమైన నియమానికి ఒప్పుకుని కలం పట్టారు. తెర మీద మనిషి పెదవి తెరుచుకున్నప్పుడే మాట మొదలవ్వాలి, మూసుకున్నప్పుడే ఆగాలి. ఈ నియమంలో సడలింపులు చాలా తక్కువ.

ఏడు దశాబ్దాలు దాటాయి. ఆ పనికి ఇప్పుడు మద్రాసు వెళ్లనక్కర్లేదు. గౌతమీ గోదావరి ఒడ్డున, పుదుచ్చేరి పాలనలో ఉన్న మన యానాంలో, అగ్రహారం లాంటి చిన్న ఊళ్లో కూడా ఒక ల్యాప్‌టాప్, ఒక హెడ్‌ఫోన్, వంద గ్రాముల రికార్డరు ఉంటే చాలు. వీడియోలో ఉన్న శబ్దాన్ని తీసేసి మరో శబ్దాన్ని పెట్టడం, పెట్టినదాన్ని బొమ్మతో కలిపి నడిపించడం ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. పెళ్లి వీడియోలు, షార్ట్ ఫిల్ములు, గుడి ఉత్సవాలు, బడి వార్షికోత్సవాలు, అన్నీ ఈ పని మీద నడుస్తున్నాయి. సాధనం చేతికొచ్చింది కాబట్టి విద్య కూడా వచ్చేసినట్టే అనుకునే ప్రమాదం కూడా దానితోపాటే వచ్చింది. ఈ విద్యలో ఎక్కువ వాటా చెవిది, ఆ తర్వాతి వాటా భాషది. మీట నొక్కే వేలిది వాటిలో చివరి వాటా. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది అదే.

తెర వెనుక గొంతు

బొమ్మ ఒకచోట, గొంతు ఒకచోట ఉండటం తెలుగువాళ్లకు సినిమా నేర్పింది కాదు. కాకినాడ దగ్గర మాధవపట్నం ఉంది. తోలుబొమ్మలాటకు పేరుపడ్డ ఊరది. తెల్లటి తెర కట్టి, వెనుక దీపం పెట్టి, రంగులద్దిన తోలుబొమ్మను తెరకు ఆనిస్తారు. పద్యమూ మాటా ఆడించేవాళ్ల గొంతుల్లోంచే వస్తాయి. బొమ్మకు కదిలే పెదవి లేదు. అయినా ఎవరు మాట్లాడుతున్నారో చూసేవాడికి క్షణం కూడా సందేహం రాదు. మాట్లాడే బొమ్మ చెయ్యి మాట ఒత్తు పడ్డచోట లేస్తుంది, వాక్యం ముగిసినచోట దిగుతుంది. ఆ సమయంలో మిగతా బొమ్మలు కదలవు. యుద్ధం వచ్చినప్పుడు ఆటగాళ్లు కాళ్ల కింద చెక్కబల్లలు తొక్కుతారు. హనుమంతుడి దెబ్బ తెర మీద పడ్డ క్షణానికే చెక్క టపటపలాడాలి. అర క్షణం ఆలస్యమైతే దెబ్బ తేలిపోతుంది.

డబ్బింగులో ఉన్న మూడు మూలసూత్రాలూ అక్కడే ఉన్నాయి. మాటలోని ఒత్తు కదలిక మీద పడాలి. వాక్యం ముగింపూ కదలిక ముగింపూ కలవాలి. దెబ్బ చప్పుడు దెబ్బ మీదే పడాలి. తర్వాత వచ్చిన యంత్రాలన్నీ ఈ మూడింటిని సులువు చేశాయి తప్ప నాలుగోది కనిపెట్టలేదు.

సినిమా మొదట్లో ఈ దారి పట్టలేదు. హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘భక్త ప్రహ్లాద’ 1932లో విడుదలైనప్పుడు నటులు కెమెరా ముందే మాట్లాడారు, అక్కడే పాడారు. పాడలేని నటుడికి వేషం దొరకని కాలమది. కలకత్తా న్యూ థియేటర్స్ వారి ‘ధూప్ ఛావ్’ 1935లో ఆ ముడి విప్పింది. పాట ముందే రికార్డు చేసి, షూటింగులో దాన్ని వినిపిస్తూ నటుల చేత పెదవి కదిలించారు. మన దగ్గర ఆ పద్ధతి ఎంత ఎత్తుకు వెళ్లిందో ‘మాయాబజార్’ (1957) చూపిస్తుంది. ఘటోత్కచుడి విందు పాటలో గొంతు మాధవపెద్ది సత్యంది, శరీరం ఎస్వీ రంగారావుది. లడ్డూ నోటి దాకా వచ్చే క్షణం, నవ్వు పుట్టే క్షణం, ఊపిరి పీల్చే క్షణం రెండు శరీరాల్లోనూ ఒకటే. అక్కడ గాయకుడు నటుణ్ణి ఊహించుకుని పాడాడు, నటుడు గాయకుడి ఊపిరిని నేర్చుకుని నటించాడు.

లూపుల కాలం

పాట పద్ధతి మాటకు కూడా రావడానికి ఒక కారణం కెమెరా రొద. అవుట్‌డోర్‌లో వాడిన ఆరిఫ్లెక్స్ కెమెరాలు గరగరమని శబ్దం చేసేవి. అక్కడ రికార్డు చేసిన మాట తెర మీద వినడానికి పనికొచ్చేది కాదు. దాన్ని పైలట్ ట్రాక్ అన్నారు. అంటే డబ్బింగ్ థియేటరులో దారి చూపించే శబ్దం మాత్రమే. నటులు తమ మాటను తామే మళ్లీ చెప్పేవాళ్లు, లేదా మరొకరు చెప్పేవాళ్లు. తెలుగు సినిమాల్లో ఎక్కువ భాగం ఇప్పటికీ ఈ దారినే నడుస్తున్నాయి.

ఫిల్ము రోజుల్లో సీనును చిన్న చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క రెండు కొసలూ అతికించి లూపు చేసేవాళ్లు. ఆ లూపు ప్రొజెక్టరులో ఆగకుండా తిరుగుతుంటుంది. అదే వాక్యం, అదే పెదవి, మళ్లీ మళ్లీ తెర మీద వస్తుంది. చీకటి గదిలో మైకు ముందు నిలబడ్డ కళాకారుడు ముందు చూస్తాడు, తర్వాత పెదవితో పాటు మనసులో అంటాడు, ఆ తర్వాత గొంతు విప్పుతాడు. సీనులో నలుగురుంటే నలుగురూ ఆ మైకు దగ్గరే ఉండేవాళ్లు. ఒకరు తడబడితే అందరూ మళ్లీ మొదటి నుంచి.

ఆ కష్టంలోనే గొప్ప శిక్షణ ఉంది. లూపు పదోసారి తిరిగేసరికి కళాకారుడు మాటను వదిలి ఊపిరిని చూడటం మొదలుపెడతాడు. తెర మీది మనిషి మాటకు ముందు భుజం ఎప్పుడు లేచింది, ఎక్కడ గుటక వేశాడు, ఏ పదం దగ్గర కనురెప్ప వాలింది అన్నది పట్టుకుంటాడు. ‘లిప్ పట్టడం’ అని ఈ రంగంలో వాళ్లు అనే పని నిజానికి ఊపిరి పట్టడమే. ఊపిరి కలిస్తే మాట దానంతటదే వెళ్లి పెదవి మీద కూర్చుంటుంది. ఇవాళ ఒక్కొక్కరు విడివిడిగా వచ్చి తమ మాట చెప్పి వెళ్తున్నారు. తప్పు పలికిన పదానికి మాత్రం ప్యాచ్ వేస్తున్నారు. పని చాలా తేలికైంది. పదిసార్లు చూసే అలవాటు మాత్రం ఎవరికి వారు ప్రయత్నం చేసి నిలుపుకోవలసి వస్తోంది.

పెదవి లెక్క

డబ్బింగ్ రచయిత మొదట చూసేది ప, ఫ, బ, భ, మ అక్షరాల కోసం. ఈ ఐదింటికీ పెదవులు పూర్తిగా కలుస్తాయి. క్లోజప్‌లో పెదవులు కలిసిన చోట తెలుగులో కూడా పెదవులు కలిసే అక్షరమే పడాలి. కలవని చోట ఇవి పడకూడదు. మిగతా హల్లులు చాలావరకు నోటి లోపల పుడతాయి కాబట్టి ప్రేక్షకుడి కంటికి అంతగా అందవు. అచ్చుల్లో ఆ, ఈ, ఊ మూడింటికీ నోరు మూడు రకాలుగా కనిపిస్తుంది కనుక దీర్ఘాల దగ్గర కూడా జాగ్రత్త కావాలి.

ఒక చిన్న ఉదాహరణ చూద్దాం. ఇంగ్లీషు సినిమాలో పోలీసు ‘స్టాప్’ అని అరిచాడు. ‘ఆగు’ అని రాస్తే అర్థం సరిపోయింది. కానీ అతని పెదవులు చివర్లో గట్టిగా కలిశాయి, మన మాటలో పెదవి కలిసే అక్షరం లేదు. ‘ఆపు’ అని రాస్తే నోరు తెరుచుకునే చోట ‘ఆ’ పడింది, కలిసే చోట ‘ప’ పడింది. అదే సీను దూరం నుంచి తీసిన షాటైతే ‘ఆగు’ నిక్షేపంగా సరిపోతుంది. అంటే ఏ మాట మంచిదో నిఘంటువు ఒక్కటే తేల్చలేదు, కెమెరా దూరం కూడా తేలుస్తుంది.

తమిళం నుంచి వచ్చే చిక్కు వేరు. ‘పో’కు ‘పో’, ‘అమ్మా’కు ‘అమ్మా’ దొరుకుతాయి కానీ ఆ అదృష్టం ఎంతోసేపు నిలవదు. తమిళంలో చాలా మాటలు హల్లుతో ముగుస్తాయి, మన మాటలు అచ్చుతో ముగుస్తాయి. ‘వేండామ్’ అన్నప్పుడు చివర పెదవులు మూతపడతాయి. మన ‘వద్దు’ చివర తెరిచే ఉంటుంది. ఇక్కడ తెలుగుకు ఒక వెసులుబాటు ఉంది. మన మాటల చివర తరచుగా వచ్చే ఉకారానికి పెదవులు గుండ్రంగా ముడుచుకుంటాయి. ముడుచుకున్న పెదవి, మూసుకున్న పెదవి చూపుకు దగ్గరగానే ఉంటాయి. అనుభవం ఉన్న కళాకారుడు ‘వద్దు’లోని చివరి ఉకారాన్ని సగంలోనే మింగేస్తాడు. ప్రేక్షకుడికి తేడా తెలియదు. పైగా గోదావరి జిల్లాల మాటలో, రాయలసీమ మాటలో, తెలంగాణ మాటలో ఆ ఉకారం మింగే తీరు వేర్వేరు. అది తెలిసినవాడే పాత్రకు ఊరినివ్వగలడు.

పాట ఇంకా కష్టం. అక్కడ బాణీ మారదు, పెదవి మారదు, నటి చూపు ఎటు తిరిగిందో అదీ మారదు. ‘రోజా’, ‘ప్రేమికుడు’ లాంటి సినిమాల పాటలకు రాజశ్రీ తెలుగు మాట కూర్చినప్పుడు ఈ మూడు తాళాలూ వేసి ఉన్న గదిలోనే పని చేశారు. ఆ పాటలు తెలుగులోనే పుట్టినట్టు జనం పాడుకున్నారు. తర్వాతి కాలంలో వెన్నెలకంటి ఆ బరువు మోశారు. పత్రికల్లో డబ్బింగ్ రచనను రెండో రకం పనిగా చూసే అలవాటు ఉంది. నా లెక్కలో అది అన్యాయం. ఖాళీ కాగితం మీద రాసేవాడికి ఉన్న స్వేచ్ఛలో పదో వంతు కూడా లేకుండా, అదే ఆనందాన్ని ఇవ్వాల్సిన బాధ్యత డబ్బింగ్ రచయితది.

అరువు గొంతులు

పెదవి లెక్క కుదిరాక గొంతుకు మనిషి కావాలి. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం ‘మన్మథ లీల’తో కమల్ హాసన్‌కు తెలుగు గొంతు అయ్యారు. ‘దశావతారం’ (2008) తెలుగులో పది పాత్రల్లో ఏడింటికి ఆయనే చెప్పారు. వాటిలో ముసలావిడ పాత్ర కూడా ఉంది. ‘అన్నమయ్య’ (1997)లో సుమన్ వేసిన వేంకటేశ్వరుడికి ఆయన ఇచ్చిన గొంతుకు నంది పురస్కారం వచ్చింది. ‘గాంధీ’ తెలుగులో బెన్ కింగ్‌స్లీకి కూడా ఆయన గొంతే. పాటగాడికి ఊపిరి మీద ఉన్న అదుపు మాటకు ఎంత అక్కరకొస్తుందో ఈ పాత్రలన్నీ చెబుతాయి.

పి.జె. శర్మ గారి ఇల్లు ఈ విద్యకు గురుకులం లాంటిది. ఆయన కొడుకు సాయికుమార్ సుమన్, రాజశేఖర్‌లకు గొంతయ్యారు. మరో కొడుకు రవిశంకర్ ‘అరుంధతి’ (2009)లో సోనూ సూద్ పశుపతికి ప్రాణం పోశారు. ఆ సినిమా చూసినవాళ్లకు ముఖం కంటే ముందు ఆ గొంతే గుర్తుకొస్తుంది. 1967 నాటి ‘భక్త ప్రహ్లాద’లో బాల ప్రహ్లాదుడైన రోజారమణి, ‘మరో చరిత్ర’ నాయిక సరిత, గాయని సునీత, ‘ఏ మాయ చేసావె’ (2010)లో సమంతకు మాట ఇచ్చిన చిన్మయి, వీళ్ల గొంతుల్లోనే మన నాయికలు తెలుగు మాట్లాడారు. ఆ నాయికల్లో చాలామందికి తెలుగు రాదు. వాళ్ల కోపానికీ కన్నీళ్లకీ తెలుగు నుడికారం తెచ్చింది తెర వెనుక ఆడవాళ్లు.

ఇప్పుడు ఆ దారి రెండు వైపులా నడుస్తోంది. ‘బాహుబలి’ హిందీలో ప్రభాస్‌కు శరద్ కేల్కర్, ‘పుష్ప’ హిందీలో అల్లు అర్జున్‌కు శ్రేయస్ తల్పడే గొంతిచ్చారు. 2019 ‘లయన్ కింగ్’ తెలుగులో సింబాకు నాని, స్కార్‌కు జగపతిబాబు, పుంబాకు బ్రహ్మానందం మాట్లాడారు. మన పిల్లలకు ఆ అడవి తెలుగు అడవిలాగే తోచింది.

చెవి ఎంత ఆలస్యాన్ని ఒప్పుకుంటుంది

స్టూడియోల సంగతి సరే, అగ్రహారం సంగతికి వద్దాం. యానాన్ని ఒకప్పుడు కల్యాణపురం అనేవాళ్లు. 1929 శారదా చట్టం బ్రిటిష్ ఇండియాలో బాల్యవివాహాలను నిషేధించాక, ఫ్రెంచి ఏలుబడిలోని యానానికి వచ్చి పెళ్లిళ్లు చేసుకుపోయేవాళ్లు. ఆ దుఃఖచరిత్ర ముగిసింది. పెళ్లి హడావుడి మాత్రం ఈ గోదావరి ఊళ్లలో తగ్గలేదు. ఆ హడావుడిని వీడియోగా మలిచే పనిలోనే ఇక్కడి కుర్రాళ్లు శబ్దం మార్చడం నేర్చుకుంటున్నారు.

యానాం గుడిలో మీసాల వేంకన్న కల్యాణాన్నో, అగ్రహారంలో ఓ ఇంటి పెళ్లినో తీస్తున్నారనుకుందాం. కెమెరా పందిరి చివర ఉంది. దాని మైకులోకి జనరేటరు, జనం గోల, లౌడ్‌స్పీకరు కీచు అన్నీ వచ్చాయి. సన్నాయి పక్కన పెట్టిన చిన్న రికార్డరులో మేళం శుభ్రంగా పడింది. ఇప్పుడు కెమెరా శబ్దాన్ని పక్కకు తప్పించి రికార్డరు శబ్దాన్ని దాని స్థానంలో నిలపాలి.

ప్రీమియర్, డావిన్చి రిజాల్వ్, ఫైనల్ కట్ లాంటి సాఫ్ట్‌వేర్లు రెండు శబ్దాల తరంగాలను పోల్చి వాటంతట అవే జత చేస్తాయి. అందుకే కెమెరా మైకులో పడ్డ శబ్దం ఎంత చెత్తగా ఉన్నా దాన్ని ఆపేయకూడదు. ఆ చెత్తే యంత్రానికి దారి చూపే పైలట్ ట్రాక్. యంత్రం దారి తప్పితే చేత్తో కలపాలి. షాటు మొదట్లో ఒకసారి చప్పట్లు కొట్టించి ఉంటే పని సులువు. అరచేతులు తాకిన ఫ్రేము, తరంగంలో నిట్టనిలువుగా లేచిన గీత, రెండూ ఒకచోట పెడితే చాలు. చప్పట్లు మరిచిపోయినా డోలు ఉంది. కర్ర తోలుకు తగిలిన మొదటి ఫ్రేము వెతికి పట్టుకోవాలి. గట్టిమేళం మొదలైన చోటు అందుకు మరీ అనువు. పురోహితుడి చెయ్యి లేస్తుంది, డోలు ఒక్కసారిగా విరుచుకుపడుతుంది, అంతకుముందు కాస్త నిదానం ఉంటుంది కాబట్టి గీత స్పష్టంగా కనబడుతుంది.

అక్కడొక సూక్ష్మం ఉంది. శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 345 మీటర్లు పోతుంది. 24 ఫ్రేముల వీడియోలో ఒక్క ఫ్రేము సెకనులో 24వ వంతు. ఆ కాలంలో శబ్దం సుమారు 14 మీటర్లు నడుస్తుంది. కెమెరా మండపానికి 14 మీటర్ల దూరంలో ఉంటే దాని మైకులో మేళం ఒక ఫ్రేము ఆలస్యంగా పడుతుంది. సన్నాయి పక్కన ఉన్న రికార్డరులో ఆ ఆలస్యం లేదు. సాఫ్ట్‌వేరు తరంగాన్ని తరంగంతో కలిపింది కాబట్టి ఆ ఒక్క ఫ్రేము ఆలస్యం అలాగే మిగిలిపోతుంది. డోలు కర్ర క్లోజప్ వచ్చినచోట శబ్దాన్ని ఒక ఫ్రేము ముందుకు జరిపి చూడండి. దెబ్బ తోలు మీద కూర్చుంటుంది.

ఎంత తేడా వరకు పరవాలేదు? అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం సూచన ప్రకారం శబ్దం బొమ్మకంటే 45 మిల్లీసెకన్లు ముందు వస్తే మనిషి పట్టేస్తాడు. వెనుక వస్తే మాత్రం 125 మిల్లీసెకన్ల దాకా గమనించడు. అంటే ముందుకు ఒక ఫ్రేమే హద్దు, వెనక్కి మూడు ఫ్రేములు. దీనికి కారణం ప్రకృతిలోనే ఉంది. గోదావరి గట్టున నిలబడితే దూరంగా పడవవాడు గెడను అంచుకు కొట్టడం ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాత వినిపిస్తుంది. శబ్దం వెనుక రావడం మన చెవికి పుట్టుకతో అలవాటు. దృశ్యం కంటే ముందు శబ్దం రావడం లోకంలో ఎక్కడా లేదు కనుక మెదడు ఒప్పుకోదు. సందేహం వస్తే ఎప్పుడూ ఒక ఫ్రేము వెనకే ఉంచమని పాత ఎడిటర్లు చెప్పే మాటలో ఇంత శాస్త్రం ఉంది.

మొదట్లో కలిసిన శబ్దం చివరికి విడిపోవడం మరో బాధ. పెళ్లి వీడియోల్లో ఇది తరచూ ఎదురవుతుంది, ఎందుకంటే ఒక్కో షాటు గంటసేపు ఆగకుండా నడుస్తుంది. సెకనుకు 30 ఫ్రేములనుకున్నది నిజంగా 29.97 అయితే గంటకు 3.6 సెకన్ల తేడా వస్తుంది. ఫోనుతో తీసిన వీడియోలో ఫ్రేముల వేగం నిలకడగా ఉండదు. ఎడిటింగ్‌కు ముందే దాన్ని ఒకే వేగానికి మార్చుకోవాలి. శబ్దాన్ని సెకనుకు 48,000 నమూనాలతో రికార్డు చేయడం వీడియోకు ప్రామాణికం. 44,100 మీద తీసిన ఫైలును 48,000 అని పొరబడి చదివితే దాదాపు తొమ్మిది శాతం వేగం పెరిగి, శ్రుతి ఒకటిన్నర స్వరస్థానం పైకి పోతుంది. మాటలో అంత తేడా కొందరికి తెలియకపోవచ్చు. సన్నాయి విద్వాంసుడు ఆ వీడియో చూస్తే ప్రాణం విలవిల్లాడుతుంది.

గది, గాలి, నిశ్శబ్దం

సింక్ (బొమ్మా శబ్దమూ కలవడం) కుదిరినా గొంతు బొమ్మకు అతుక్కోకపోవడం చూస్తుంటాం. నది ఒడ్డున నిలబడ్డ మనిషి మాట డబ్బా లోంచి వచ్చినట్టు ఉంటుంది. యానాం రాజీవ్ బీచ్ దగ్గర తీసిన షార్ట్ ఫిల్మునే తీసుకోండి. గాలి హోరుకు మాట వినబడలేదు, ఇంటికొచ్చి మళ్లీ చెప్పించారు. గదిలో మాట గోడకు తగిలి తిరిగొస్తుంది. ఆ తిరుగు శబ్దం రికార్డయితే తర్వాత ఏ ఫిల్టరూ పూర్తిగా తీయలేదు. అందుకే ముందు గది ప్రతిధ్వనిని చంపాలి. బట్టల బీరువా తలుపులు తెరిచి, గోడలకు బొంతలు వేలాడగట్టి, ఫ్యాను ఆపి, మైకును నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు తిప్పి పెడితే ఖరీదైన స్టూడియో లేని లోటు చాలావరకు తీరుతుంది.

మాట పొడిగా దొరికాక దానికి ఆ చోటు గాలిని కలపాలి. షూటింగు అయిపోయాక అందరినీ నిశ్శబ్దంగా ఉంచి ఆ చోటి శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేసి తెచ్చుకుంటే అంతకు మించిన మూలధనం లేదు. అలల చప్పుడు, దూరపు పడవ ఇంజను, కాకుల అరుపు సన్నగా మాట కింద పరిస్తే గొంతు నది ఒడ్డుకు చేరుతుంది. దూరపు షాటులో గొంతును తగ్గించి, దాని బేస్‌ను కొంచెం కోయాలి. క్లోజప్‌లో ఊపిరి వినబడనివ్వాలి. అరిచే మాటను గదిలో మెల్లగా చెప్పించి వాల్యూము పెంచితే అది అరుపు కాదు. అరవాల్సిన మాటను అరిచే చెప్పించాలి. నడుస్తూ చెప్పిన మాటను కూర్చోబెట్టి చెప్పించకూడదు. నిలబడి, భుజాలు కదిలిస్తూ చెబితేనే ఆ అలుపు వస్తుంది.

ఏది మార్చాలి, ఏది మార్చకూడదు

గాలి హోరుకు మునిగిపోయిన మాటను మార్చడం ధర్మం. మాట బాగానే ఉన్నా ‘మన యాస బాగోదు’ అనుకుని పట్నపు గొంతుతో మార్చడం నష్టం. యానాం గడప దగ్గర ‘ఆయ్’ అని పలికే పెద్దావిడ గొంతు తీసేసి వార్తలు చదివే తెలుగును అతికిస్తే సింక్ ఎంత చక్కగా కుదిరినా ఆ మనిషి వీడియోలో లేనట్టే. డబ్బింగ్ తెలుగుకు ఏ ఊరూ లేని భాష అనే చెడ్డపేరు వచ్చింది ఇలాంటి పనుల వల్లే. శ్రీశ్రీ నుంచి వెన్నెలకంటి దాకా రచయితలు పెదవితో చేసిన పోరాటమంతా పరాయి బొమ్మకు మన మాట ఇవ్వడానికి. మన బొమ్మకు ఊరు లేని మాట ఇవ్వడం ఆ పోరాటానికి వ్యతిరేక దిశ.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చింది. ఒక గొంతును కాసేపు విని అదే గొంతుతో మరో భాష మాట్లాడిస్తుంది, బొమ్మ పెదవిని కూడా దానికి తగ్గట్టు మారుస్తుంది. ఇన్నేళ్లూ మాట పెదవికి లొంగింది, ఇకపై పెదవే మాటకు లొంగుతుంది. దీనివల్ల పాఠాలు, వైద్య సలహాలు, రైతులకు సూచనలు అన్ని భాషల్లోకీ వేగంగా చేరతాయి. అది మంచిదే. కానీ గొంతు ఎవరి సొత్తు అన్న ప్రశ్న కూడా వచ్చింది. 2023లో విడుదలైన ‘కీడా కోలా’లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతును కృత్రిమ మేధతో అనుమతి లేకుండా సృష్టించారంటూ ఆయన కుమారుడు ఎస్.పి. చరణ్ 2024లో లీగల్ నోటీసు పంపారు. పెద్ద గాయకుడి గొంతుకే ఆ పరిస్థితి వస్తే, అగ్రహారంలో పెళ్లి వీడియోకు వ్యాఖ్యానం చెప్పిన అమ్మాయి గొంతుకు కాపలా ఎవరు? చట్టం వచ్చేదాకా ఆ కాపలా ఎడిటరు మనస్సాక్షే.

యంత్రం లెక్క తప్పకుండా కలపగలదు. గట్టిమేళానికి ముందు పురోహితుడు ఆగిన ఆ కాస్త నిదానం ఎంత ఉంటే నిండుగా ఉంటుందో, కూతురిని అప్పగించే తండ్రి మాట మధ్యలో విరిగితే ఆ విరుపును సరిచేయాలో అలాగే వదలాలో అది చెప్పలేదు. ఆ తీర్పుకు చెవి కావాలి. ఆ చెవి ఊరి మాట వింటూ పెరిగినదై ఉండాలి.

ఈ పని చేస్తున్న యానాం, కాకినాడ, కోనసీమ కుర్రాళ్లకు ఒక మనవి. శబ్దం మార్చే ముందు అసలు శబ్దాన్ని చెరిపేయకండి. మ్యూట్ చేసి కింది ట్రాకులో దాచండి, ప్రాజెక్టుతో పాటు భద్రపరచండి. మీరు పనికిరాదనుకున్న ఆ గోలలోనే ఇరవయ్యేళ్ల తర్వాత ఒక తాత దగ్గు, ఒక అమ్మమ్మ పిలుపు దొరుకుతాయి. గొంతు అరువిచ్చిన మనిషి పేరు వీడియో చివర తప్పకుండా వేయండి. వాళ్లను అడగకుండా వాళ్ల గొంతును యంత్రానికి అప్పగించకండి. వీడియో ఇచ్చేసే ముందు ఒకసారి కళ్లు మూసుకుని మొత్తం వినండి, ఆపైన శబ్దం కట్టేసి ఒకసారి మొత్తం చూడండి. రెండుసార్లూ మీకు ఒకే కథ అందితే మీ పని పూర్తయినట్టు.